ఖాళీ కొలనులో కొలిమి కాకులు

ఊళ్లో ఆమె పేరు వయసుతోపాటే పెరుగుతూ వచ్చింది. చిన్నప్పుడు చేపపిల్ల. ఇరవై దాటాక, ఈత నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి చేపక్క. ఆ పిల్లలు పెద్దవాళ్లై తమ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే నాటికి చేపత్త. ఈమధ్య ఒకరిద్దరు బుడతలు చేపమ్మమ్మ అనబోతే, ఈల నోట్లో పెట్టుకుని వాళ్ల చెవులు గింగురుమనేలా ఊదింది. చేపత్త దగ్గరే బండి ఆగాలని ఆమె తీర్మానం.

ఈతకొలనే ఆమెకి ఇల్లు, బడి, ఉద్యోగం. తండ్రి అక్కడ పంపు మేస్త్రి. టికెట్ల గది పైనున్న రెండు గదుల్లో కాపురం. వంటింటి కిటికీ వీధిలోకి కాక కొలనులోకి తెరుచుకునేది. పైన గాజు కప్పు, కింద ఆకుపచ్చ పలకలు. ఎండ పడితే చాలు, నీళ్ల వెలుగు పైకి లేచి వంటింటి గోడ మీద, బోర్లించిన గిన్నెల మీద, పొయ్యి దగ్గర నిలబడ్డ అమ్మ మొహం మీద వలలా ఆడేది. అందరి ఇళ్లలోనూ గోడలు అలాగే కదులుతాయనుకునేది ఆ పిల్ల. బళ్లో చేరిన కొత్తలో స్నేహితురాలి ఇంటికి వెళ్లి, కదలకుండా నిలబడ్డ గోడల్ని చూసి, "మీ ఇల్లు నిద్రపోతోందా?" అని అడిగిందట.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదు, అంతే" అనేది. తండ్రి పోయి చాలా ఏళ్లయింది. తల్లి ఉంది. ఆవిడకి ఎనభై దాటినా నోరు మాత్రం ఇరవైలోనే ఆగిపోయింది. తల్లీకూతుళ్లు ఇప్పటికీ ఆ రెండు గదుల్లోనే ఉంటున్నారు. ఆ గోడలు ఇప్పటికీ కదులుతూనే ఉన్నాయి.

పొద్దున్న పూట పెద్దల క్లాసు ఉంటుంది. పెద్దలంటే నడుం నొప్పులవాళ్లు, మోకాళ్లవాళ్లు, డాక్టరు తిట్టి పంపినవాళ్లు. ఆ ఏడు కొత్తగా చేరినవాళ్లలో వీధి చివరి మందుల షాపాయన ఒకడు. ఊరందరికీ మాత్రలిచ్చే మనిషికి నడుం పట్టేసింది. మందులాయన కదా అని నడుం ఊరుకుంటుందా? నీళ్లంటే ఆయనకి చచ్చేంత భయం. నడుం లోతులో నిలబడి కూడా గట్టు ఊచ వదిలేవాడు కాదు.

చేపత్త ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద అరచెయ్యి ఆనించింది.

"అక్కా, చెయ్యి తియ్యరుగా?"

"తియ్యను."

"ఒట్టు?"

"తల నా చేతిలో పెట్టి ఇంకా ఒట్టేంటయ్యా! కళ్లు మూసుకో. ఏదైనా పాట లోలోపల పాడుకో. పాడుకునేవాడు బిగుసుకోడు, బిగుసుకోనివాడు మునగడు."

మందులాయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన గొంతులోంచి ఒక కూనిరాగం బయలుదేరింది. మామూలు పాటలా లేదది. పక్కగదిలో ఎవరో బరువైన బల్లని ఈడుస్తున్నట్టుంది. మూడు ఈడ్పులు, ఒక ఆగుడు, మళ్లీ రెండు ఈడ్పులు. ఆగినచోట ఆయన నాలుకతో "ఠంగ్" అన్నాడు.

చేపత్తకి ఆ పాట చెవికంటే ముందు చేతికి తెలిసింది. ఆయన పుర్రెలోంచి ఆ గరగర ఆమె అరచేతిలోకి దిగి, మోచేతిదాకా పాకింది. ఎన్నో ఏళ్ల కిందట ఇదే గోడలకి చెయ్యి ఆనించినప్పుడు పాకిన గరగర అది. తనకి తెలియకుండానే చెయ్యి తీసేసింది.

మందులాయన బుడుంగున మునిగి, గుక్కెడు నీళ్లు మింగి, ఊచ కోసం తడుముకుంటూ లేచాడు.

"చంపేశారు కదక్కా! అందుకేనా ఒట్టు వెయ్యలేదు!"

"ఆ ఠంగ్ ఎక్కడిది?"

"ఏ ఠంగూ?"

"పాట మధ్యలో అన్నావే, అది."

మందులాయన ముక్కులోంచి నీళ్లు చీదుకున్నాడు. సిగ్గుపడ్డాడు కూడా. "అదా! బ్రిటన్‌లో ఒక బ్యాండు ఉండేదక్కా, వెనకటికి. హెవీ మెటల్. ఎవరికీ తెలీదు లెండి, వాళ్ల దేశంలోనే తెలీదు. కాలేజీలో ఉండగా నాకొక క్యాసెట్టు దొరికింది, కాపీకి కాపీకి కాపీ. వింటుంటే పక్కింటివాళ్ల స్నానాల గదిలో వాయిస్తున్నట్టుంటుంది. అయినా ప్రాణం."

"కొలిమి కాకులు," అంది చేపత్త.

ఇంగ్లీషులో ఉన్న ఆ బ్యాండు పేరుకి అర్థం అదే. తండ్రికి అర్థం కావాలని ఆమే అప్పట్లో చేతులతో నిప్పునీ రెక్కల్నీ చూపిస్తూ పెట్టిన పేరు.

మందులాయన ఊచ వదిలేశాడు. వదిలినట్టు ఆయనకే తెలియదు. గుండెల్లోతు నీళ్లలో, దేన్నీ పట్టుకోకుండా, నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"మీకెలా తెలుసు?"

"ఇప్పుడు నువ్వు నిలబడ్డావే, డ్రమ్ములు అక్కడే పెట్టుకున్నారు."

* * *

అప్పటికి ఆమెకి పందొమ్మిదో ఇరవయ్యో. సముద్రం ఒడ్డునున్న పెద్ద హోటలువాళ్లు డాన్సుల కోసం బ్రిటన్ నుంచి నలుగురు కుర్రాళ్లని పిలిపించారు. జంటలు మెల్లగా తిరుగుతూ ఆడుకునే పాటలు పాడతారనుకున్నారు. మొదటి రోజు వీళ్లు తీగ మీటగానే బల్లల మీది గ్లాసులు వాటంతటవే నడిచాయని చెప్పుకున్నారు. హోటలాయన వారం తిరక్కుండా దణ్ణం పెట్టి బయటికి పంపాడు. పోదామంటే వ్యానుకి జబ్బు చేసింది. దాని సామాను ఎక్కడి నుంచో ఓడలో రావాలి. చలికాలం మొదలైంది. తలదాచుకోవడానికి వ్యాను ఉంది కానీ ఒళ్లు కడుక్కోవడానికి చోటు లేదు. అలా వచ్చారు కొలను దగ్గరికి, వేడినీళ్ల స్నానాల కోసం.

చలికాలంలో స్నానాల గదులు తప్ప కొలను మూసేసేవారు. నీళ్లన్నీ వదిలేసి, ఊడిన పలకలు అతికి, గొట్టాలకి రంగు వేసేవాళ్లు. నీళ్లు లేని కొలను చూడ్డానికి వింతగా ఉండేది. ఆకుపచ్చ లోయలో తెల్లటి వెలుతురు పడుకుని ఉండేది. అడుగున ఎవరైనా దగ్గితే ఆ దగ్గు గోడగోడనీ పలకరించి, గాజుకప్పు దాకా వెళ్లి, ఎవరిదో ముసలి దగ్గులా తిరిగొచ్చేది.

స్నానం చేసి తలతుడుచుకుంటూ వెళ్తున్న వాళ్లలో ఒకడు ఆగాడు. చాలా పొడుగు మనిషి, గుమ్మం దాటాలంటే మెడ వంచాలి. ఆ ఖాళీ కొలను అంచున నిలబడి ఒక్క చప్పట కొట్టాడు. విన్నాడు. ఇంకొకటి కొట్టాడు. తర్వాత మిగతా ముగ్గురినీ పిలిచి ఏదో అన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి పెట్టెలు, వైర్లు, డ్రమ్ములు, రీళ్లు తిరిగే ఒక బరువైన టేపు మిషనుతో సహా దిగిపోయారు. బడిలో నేర్చుకున్న కాస్త ఇంగ్లీషుతో, నిచ్చెన మీద నుంచి అరుస్తూ, ఆమె వాళ్లకి దుబాసీ అయింది. ఆ పొడుగాయనకి మాటలు ఎక్కువ. మిగతావాళ్లు పనిచేస్తుంటే మెట్ల మీద కూచుని, తన ఊరి గురించి, తన తండ్రి కొట్టు గురించి ఏకరువు పెట్టేవాడు. ఊళ్లో కొందరు అనుకున్నట్టు వాళ్లిద్దరి మధ్యా ప్రేమా దోమా ఏమీ లేదు. ఆమెకి అతని కబుర్లు బాగుండేవి, అతనికి వినే మనిషి దొరికింది. అంతే.

"ఎలా ఒప్పుకున్నారండీ?" అని తల్లి విరుచుకుపడింది. విరుచుకుపడి ఏం లాభం? పంపుగదిలో ఏళ్ల తరబడి ఆ రొదలో ఉండి ఉండి తండ్రికి వినికిడి పోయింది. ముందు సన్నటి చప్పుళ్లు పోయాయి. తర్వాత పిట్టలు, చెంచాలు, పిల్లల గొంతులు పోయాయి. ఆఖరికి భార్య గొంతు కూడా పోయింది. ఆయన మటుకు నవ్వి, "చప్పుడైతే నాకేంటే? చలికి వణుకుతున్నారు పాపం" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని తల్లి కిటికీ తలుపు దభాలున వేసుకుంది. ఆ దభాలు కూడా ఆయనకి వినపడలేదు.

మొదటి పాట మొదలైనప్పుడు తండ్రి కొలను అడుగున, లోతువైపు గోడ దగ్గర, ఊడిన పలకలు వెతుకుతున్నాడు. పాదాలకి చెప్పుల్లేవు. ఉన్నట్టుండి నిలబడిపోయాడు. కాళ్లకేసి చూసుకున్నాడు. మెల్లగా వంగి అరచెయ్యి నేలకి ఆనించాడు. తర్వాత గోడకి. తర్వాత చెంప ఆనించాడు. గట్టు మీద నిలబడ్డ కూతురు పరిగెత్తుకుంటూ నిచ్చెన దిగి వచ్చేసరికి, ఆయన కళ్లు ఎక్కడో చూస్తున్నాయి.

"వినపడుతోందమ్మా," అన్నాడు, చెవిటివాళ్లు అరిచినట్టు అరుస్తూ. "లోపలికి వస్తోంది."

ఆమె కూడా చెయ్యి ఆనించింది. గోడ మొత్తం పెద్ద జంతువు గొంతులా గరగరలాడుతోంది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నమయితే ఆయన పలకల పని కొలను అడుగునే తేలేది. అతికిన పలకే మళ్లీ అతికేవాడు. ఒక పాటలో బల్ల ఈడ్చినట్టు మూడు ఈడ్పులు ఈడ్చి, ఒక్క క్షణం నలుగురూ ఆగుతారు. మొదటిసారి ఆ ఆగుడు వచ్చినప్పుడు, లోకం మళ్లీ మూసుకుపోయిందని భయం వేసింది కాబోలు ఆయనకి. చేతిలో ఉన్న పానాతో గోడ వెంబడి ఉన్న ఇనప గొట్టం మీద ఒక్కటి ఇచ్చాడు. ఠంగ్. ఆ మోత కొలనంతా ఒక చుట్టు తిరిగొచ్చింది. పొడుగాయన తలెత్తి చూశాడు. పాడే కుర్రాడు నవ్వాడు. వాళ్లు పాట ఆపలేదు. మళ్లీ ఆ ఆగుడు వచ్చినప్పుడు నలుగురూ ఆయన వైపు తిరిగి, గడ్డం ఎగరేసి సైగ చేశారు. ఆయన మళ్లీ ఇచ్చాడు. ఒక్కోసారి తొందరపడేవాడు, ఒక్కోసారి ఆలస్యం చేసేవాడు. ఆయన ఎప్పుడు కొడితే అప్పుడే వాళ్లు అందుకునేవాళ్లు.

చలి తగ్గేసరికి వ్యాను సామాను వచ్చింది, వాళ్లు వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఒక రీలు కాపీ తీసి తండ్రి చేతిలో పెట్టారు. ఇంట్లో దాన్ని తిప్పే మిషను లేదు. ఉన్నా ఆయనకి వినపడదు. అయినా దాన్ని గడియారం పక్కన పెట్టుకుని, రోజూ పొద్దున్నే ఒకసారి తడిమేవాడు.

ఎండాకాలం వచ్చింది. కప్పు అద్దాలు తెరిస్తే పిట్టలు లోపలికొచ్చి కొలను పాడుచేసేవి. ఒకరోజు పొద్దున కూతురు కిందకి దిగేసరికి, కొలను ఈ గోడ నుంచి ఆ గోడకి సన్నటి నల్లటి పట్టీలు కట్టి ఉన్నాయి, అటూ ఇటూ, బోలెడన్ని. గాలికి అవి తళతళా మెరుస్తూ వణుకుతున్నాయి. ఒక్క పిట్ట లేదు. తల్లి స్టూలు మీంచి దిగి చేతులు దులుపుకుంటోంది. "కాకుల పాటేగా, కాకుల్ని తోలడానికి పనికొచ్చింది," అంది.

తండ్రి తలెత్తి చాలాసేపు చూశాడు. ఆ ఎండాకాలమంతా పాట కొలను మీద వేలాడింది. దాని కింద పిల్లలు ఈదారు. వెల్లకిలా తేలుతూ ఆమె చాలాసార్లు ఆ పట్టీలకేసి చూసేది. ఇందులో ఏ మెరుపులో ఠంగ్ ఉందో అనుకునేది. వానలు మొదలయ్యాక అవి తెగి, కొన్ని నీళ్లలో పడ్డాయి, కొన్ని గాలికి పోయాయి.

* * *

మందులాయన ఆ రోజు షాపు ఆలస్యంగా తెరిచాడు. తుడుచుకోవడం మరిచిపోయి, తువ్వాలు భుజాన వేసుకుని, గట్టు మీద కూచుని ఇదంతా విన్నాడు.

"అక్కా, ఆ ఠంగ్ మీద ఎన్ని గొడవలున్నాయో తెలుసా మీకు? కంప్యూటర్లో దేశదేశాలవాళ్లు వాదించుకుంటారు. చర్చి గంటని ఒకడు, కమ్మరి దాగలి అని ఒకడు, రైలు పట్టా అని ఇంకొకడు. ఒకాయన పేజీలకి పేజీలు రాసి చర్చి గంటేనని తేల్చేశాడు."

"మా నాన్న పానా."

"ఆ తర్వాత వాళ్లు పెద్ద స్టూడియోలో ఒకే ఒక్క రికార్డు చేశారు. నున్నగా, షేవింగ్ చేసినట్టు ఉంటుంది, అందులో ప్రాణం లేదు. అదీ పోయింది, బ్యాండూ పోయింది. ఈ మొదటి రికార్డింగులు ఎక్కడ చేశారో, అసలు టేపులు ఎక్కడున్నాయో ఎవడికీ తెలీదు." ఆయన గొంతు తగ్గించాడు. "మీ దగ్గర ఏమైనా...?"

"ఒకటుండేది. మా అమ్మ పిట్టల్ని తోలడానికి కట్టింది."

"ఏం కట్టారూ?"

చెప్పింది. మందులాయన రెండు చేతులతో తల పట్టుకుని, గాజుకప్పు కేసి చూశాడు, ఇంకా ఏమైనా మిగిలుందేమోనన్నట్టు.

పొడుగాయన కోసం ఆ అభిమానులు ఎప్పటినుంచో వెతుకుతున్నారట. రికార్డు అట్ట మీద వేసుకున్నవన్నీ వేషం పేర్లు కావడంతో ఎవరూ దొరకలేదు. చేపత్తకి అసలు పేరు తెలుసు. అతని ఊరి పేరూ గుర్తుంది. మెట్ల మీద కూచుని చెప్పిన కబుర్లలో ఒకటి ఆమె మనసులో అలాగే ఉండిపోయింది. అతని తండ్రికి గడ్డి కోసే మిషన్లు బాగుచేసే కొట్టు ఉంది. పాటలు కలిసిరాకపోతే వెళ్లి ఆ కుర్చీలోనే కూచోవాలి, తలుచుకుంటేనే నిద్రలో ఉలిక్కిపడతానని నవ్వేవాడు.

"ఆ ఊళ్లో అలాంటి కొట్టు ఒక్కటే ఉందక్కా," అన్నాడు మందులాయన మర్నాడు, ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చి.

కొట్టు నంబరుకి ఫోను చేశారు. అవతల మిషన్ల రొద. ఒక ముసలి గొంతు ఎత్తింది. చేపత్త తుప్పు పట్టిన ఇంగ్లీషుతో, ఈతకొలను, పంపు మేస్త్రి కూతుర్ని, అంది. రొద ఆగింది. ఎవరో స్విచ్చి కట్టేసినట్టున్నారు.

"నిచ్చెన మీద నుంచి అరిచే పిల్లవా?" అన్నాడతను.

"అరిచేదాన్నే. ఇప్పుడు ఈల ఊదుతున్నాను."

అతను నవ్వాడు. తర్వాత, "మీ నాన్న?" అన్నాడు. ఆమె చెప్పింది. పాడే కుర్రాడూ పోయాడని, మిగతా ఇద్దరి జాడ తనకీ తెలియదని చెప్పాడు. టేపులు అక్కచెల్లెళ్ల ఇళ్లలో అటకలు మారుతూ వచ్చాయి. ఇప్పుడు చిన్నచెల్లెలి అటక మీద, ఒక సూట్‌కేసులో ఉన్నాయి. ఎప్పుడూ తెరవలేదు. "ఆ కుర్చీలో కూచున్నాను కదా, ఇంకెందుకని," అన్నాడు. మళ్లీ తనే అన్నాడు, "కుర్చీ అంత చెడ్డదేం కాదులే."

అంత పాత టేపు పొర పొరకీ అతుక్కుపోతుందట. తొందరపడి తిప్పితే పాట ఊడి పొట్టులా రాలిపోతుంది. తెలిసిన మనిషి ఒకతను దాన్ని సన్నటి వేడిలో గంటల తరబడి ఉంచి, తడి ఆర్చి, ఒక్కసారి మెల్లగా తిప్పి, వచ్చినంతా వచ్చినట్టు పట్టుకున్నాడు. కబురు వచ్చేదాకా మందులాయన షాపులో ఒకరి మాత్రలు ఇంకొకరికి ఇవ్వబోయి రెండుసార్లు నాలుక కరుచుకున్నాడు.

ఈలోగా ఇంట్లో ఇంకో కథ నడిచింది. విషయం చెబితే తల్లి బట్టలు మడతపెడుతూ, "ఆ కాకిమూకా? ఇంకా ఉన్నారా?" అంది.

"వాళ్లిచ్చిన టేపు ఉండుంటే ఇంత తిరుగుడు ఉండేది కాదమ్మా. పిట్టల కోసం తాడు కట్టుకోవచ్చుగా."

తల్లి చేతిలో దుప్పటి మడత సగంలో ఆగింది.

"పిట్టల కోసం ఎవరు కట్టారే? కోపంతో కట్టాను."

"కోపమా? ఎవరి మీద?"

"ఇంకెవరి మీద? అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఏళ్లకేళ్లు ఒక్క మాట వినపడలేదు ఆ మనిషికి. వంటింట్లో నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. దారినపోయే కుర్రాళ్లు నాలుగు డబ్బాలు బాదితే మాత్రం, 'వినపడిందే, నాకు వినపడిందే' అని గంతులేసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. నాకెలా ఉంటుంది? నువ్వు చెప్పు."

చేపత్త దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ మడిచారు. గోడ మీద నీళ్ల వెలుగు కదులుతోంది. ఇన్నేళ్లూ ఆ మెరిసే పట్టీల్ని పిట్టల కోసమే అనుకుంది. ఆ కిటికీలో నిలబడి కిందికి చూస్తున్న అమ్మ మొహం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే, కిటికీ గుర్తొచ్చింది కానీ మొహం రాలేదు.

* * *

ఆదివారం మధ్యాహ్నం మందులాయన, ఫోనులోకి వచ్చిన పాటలతోపాటు పెద్ద స్పీకరు డబ్బా మోసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. "నేను వినను," అని చెప్పి తల్లి కుర్చీ లాక్కుని దాని ఎదురుగానే కూచుంది.

ముందు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో ఒక నీటిచుక్క పడింది. ఆ చుక్క చేపత్తకి తెలుసు. లోతువైపు మూలనుండే కారుడు, ఎన్నిసార్లు బిగించినా ఆగేది కాదు. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. అంతే, బల్ల మీది పళ్లెంలో చెంచా దానంతటదే కదిలింది.

కాపీకి కాపీ విన్న మందులాయన కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఇది పక్కింటి స్నానాల గదిలోంచి రావడం లేదు. గదే ఆ కొలనైపోయింది. పలకల చల్లదనం, చలికాలపు తెల్లటి వెలుతురు, తడి సున్నం వాసన, అన్నీ ఆ చప్పుడుతోపాటు పైకొచ్చి గదంతా నిండుతున్నట్టుంది. మూడు ఈడ్పులు, ఒక ఆగుడు, ఠంగ్. కాస్త ఆలస్యంగా. చేపత్త కళ్లు మూసుకుని, ఆ మోత ఏ గోడ నుంచి ఏ గోడకి వెళ్తోందో చేత్తో గాలిలో గీస్తూ కూచుంది. తల్లి చేదుమందు మింగినట్టు మొహం పెట్టింది.

పాట అయిపోయింది. క్యాసెట్టు మీద అయితే ఇక్కడే రెండో పాట మొదలవుతుంది. ఇది మొత్తం టేపు. పాటకీ పాటకీ మధ్యనున్నది కూడా ఉంది. ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో దగ్గారు. అప్పుడు చాలా పైనుంచి, చాలా దూరం నుంచి ఒక ఆడగొంతు.

"ఏమండీ! భోజనం చల్లారిపోతోంది!"

పోతోంది, తోంది, తోంది అని గోడలు అప్పజెప్పాయి.

వెంటనే, పక్కనే నిలబడి అరిచినట్టు, ఒక మగగొంతు.

"వస్తున్నానే! ఒక్క నిమిషం!"

కుర్రాళ్లు నవ్వారు. డ్రమ్ము మోగింది. రెండో పాట మొదలైంది. మందులాయన గబుక్కున ఆపేశాడు.

"ఎవరది?" అంది తల్లి.

"నువ్వేనమ్మా."

"నేనని నాకు తెలుసు. ఆ రెండోది."

"నాన్న."

తల్లి స్పీకరు డబ్బా కేసి చూసింది. దాని వెనక్కి తొంగి చూసింది. "నేను పిలిస్తే పలికాడే," అంది నెమ్మదిగా. "వినపడిందే ఆయనకి."

చేపత్తకి ఒక సంగతి లీలగా గుర్తొచ్చింది. అమ్మ కిటికీలోకి వచ్చినప్పుడల్లా పొడుగాయన నాన్న భుజం తట్టి, పైకి చూపించేవాడు. ఆ రోజూ తట్టి ఉండవచ్చు. లేదా ఆ ఖాళీ కొలనులో అమ్మ గొంతు గోడగోడనీ తాకి, పెద్దదై, నాన్న అరికాళ్లలోంచి పైకి పాకి ఉండవచ్చు. ఫోను చేసి అడిగితే పొడుగాయన చెప్పగలడేమో. ఆమె ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

"వినపడిందమ్మా," అంది.

"మళ్లీ పెట్టమను," అంది తల్లి.

మందులాయన మళ్లీ పెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా అదే పని. పాట అక్కర్లేదు, ఆ రెండు మాటలే కావాలి. కాసేపటికి తల్లి ఆయన గొంతు వచ్చేలోపే పెదాలు కదపడం మొదలుపెట్టింది. ఒకసారి మాత్రం, "ఒక్క నిమిషం అన్నాడు. గంటకి గానీ రాలేదు, నాకు బాగా గుర్తు," అని మూతి తిప్పింది.

ఆ టేపుల్ని చిన్న ఎత్తున రికార్డుగా వెయ్యడానికి మందులాయన స్నేహితులెవరో ముందుకొచ్చారు. పొడుగాయన ఫోను చేసి, పానా కొట్టిన మనిషి పేరు అట్ట మీద వెయ్యాలి, చెప్పమన్నాడు. చేపత్త అక్షరం అక్షరం చెప్పింది. పాటల మధ్య మాటలు తీసేద్దామనుకుంటున్నారట, పాటకి అడ్డమని. ఆ ముక్క అర్థం చేసుకుని తల్లి పక్కనుంచి ఫోను లాక్కుంది.

"పాటలు తీసేసుకోమను. మాటలు మాత్రం ఉంచమను."

చేపత్త దాన్ని కాస్త మెత్తబరిచి అవతలికి అందించింది. అవతల పొడుగాయన చాలాసేపు నవ్వాడు. మాటలు ఉంచారు.

రికార్డు వచ్చింది. అట్ట వెనక, గిటారు ఫలానా, డ్రమ్ములు ఫలానా అన్న వరసలో, పానా అని తండ్రి పేరు, పిలుపు అని తల్లి పేరు. తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మందులాయన నొచ్చుకుంటే, "పోనీవయ్యా. ఆయన్ని సరిగ్గా పిలిచినా పలికేవాడు కాదుగా," అంది తల్లి. అని, అట్టని చీరచెంగుతో తుడిచింది.

ఆ తర్వాత నెరిసిన జులపాల మనుషులు ఎక్కడెక్కడినుంచో ఒకరిద్దరు రావడం మొదలైంది. గట్టు మీద నిలబడి, భక్తిగా ఒక చప్పట కొట్టి, చెవి రిక్కించేవాళ్లు. నీళ్లున్న కొలను ఏం పలుకుతుంది? అయినా తల ఊపుకుంటూ వినేవాళ్లు. నీళ్లలోకి దిగాలంటే ముందు స్నానం చెయ్యాల్సిందేనని చేపత్త వాళ్లకీ ఈల ఊదేది. మందులాయన ఇప్పుడు లోతువైపు కూడా తేలుతున్నాడు, ఎవరి చెయ్యీ లేకుండానే.

ఆదివారాలు ఆయన ఆ డబ్బాతో వస్తూనే ఉన్నాడు. తల్లి ఇప్పుడు పాటలు కూడా వింటోంది, వంకలు పెడుతూనే. పాడే కుర్రాడికి జలుబు చేసినట్టుందని, వేడినీళ్లు పట్టి ఉంటే బాగుండేదని అంటుంది. కాసేపటికి కుర్చీలోనే నిద్రలోకి జారుకుంటుంది. గిటార్లు గర్జిస్తూనే ఉంటాయి, అద్దాలు సన్నగా వణుకుతుంటాయి. కింద నీళ్ల మీంచి లేచిన వెలుగు ఆవిడ నెరిసిన జుట్టు మీద, ముడతల చేతుల మీద మెల్లగా ఆడుతుంది.

మొన్న అలాగే తల వాల్చేస్తే, మెలకువ వస్తుందేమోనని చేపత్త చప్పుడు తగ్గించబోయింది.

"ఉండనీ," అంది తల్లి, కళ్లు తెరవకుండానే.